ఒకరి పేరున బుకింగు, మరొకరి బస

(మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. ప్రత్యేక సంచిక కొరకు ప్రసంగకర్త కొద్దిగా సవరించి ఇచ్చినారు.)



డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల రీయింబర్సుమెంటు గురించి మాట్లాడడానికి నాకంటే సమర్థులు ఈ వేదిక మీద ఉన్నారు. నాకు అప్పగించిన అంశం కొంచెం కొత్తది. మనలో చాలామంది ఇప్పుడు మిద్దె మీద గదినో, పక్క పోర్షన్‌నో దినబాడుగకు ఇస్తున్నారు. పిల్లలు బెంగళూరు, హైదరాబాదు, అమెరికా వెళ్లిపోయినారు. వాళ్ల కోసం కట్టించిన గదులు దుమ్ము పట్టిపోవడం చూడలేక కొందరు, పెన్షన్‌కు తోడు నాలుగు డబ్బులు వస్తాయని కొందరు, భర్త పోయిన తరువాత సగం పెన్షన్‌తో గడవక కొందరు అమ్మలు ఈ పని మొదలుపెట్టినారు. ఇందులో నామర్దా ఏమీ లేదు. మర్యాదగల సంపాదనే.

అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. గది మాట్లాడేది ఒకరు, డబ్బు పంపేది మరొకరు, సంచులు మోసుకొని వచ్చి గుమ్మం ముందు నిలబడేది ఇంకొకరు. ఈ ముగ్గురూ ఒకరేనా, వేరువేరా, వేరైతే ఎవరికి ఏ బాధ్యత అనేది తేల్చుకోకుండా తాళంచెవి ఇస్తే, ఇబ్బంది వచ్చినప్పుడు మనం ఒంటరిగా మిగిలిపోతాము. మనమంతా అరవై దాటినవారం. రాత్రి పదకొండు గంటలకు వాదులాడే ఓపిక మనకు లేదు. అందుకే ఈ మాటలు.

మన ప్రాంతానికి వచ్చేవారు ఎవరు?

జమ్మలమడుగుకు పదిహేను కిలోమీటర్ల దూరంలో గండికోట ఉంది. పెన్నానది ఎర్రమల కొండలను కోసిన లోయను, మాధవరాయ, రంగనాథ ఆలయాలను, జామియా మసీదును చూడడానికి శని, ఆదివారాల్లో బెంగళూరు నుండి, హైదరాబాదు నుండి కార్లు వస్తాయి. కోటలో పర్యాటక శాఖవారి హరిత హోటలు ఉన్నది. అది నిండిపోతే జమ్మలమడుగే గతి. ప్రొద్దుటూరుకు బంగారం కొనడానికి, పెళ్లి బట్టలకు, దసరాకు అమ్మవారిశాలలో కన్యకాపరమేశ్వరి అలంకారాలు చూడడానికి జనం వస్తారు. పులివెందులలో 2006లో ఇంజనీరింగు కళాశాల వచ్చింది, 2008లో ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ వచ్చింది. పిల్లలను చూసిపోయే తల్లిదండ్రులు, గండి ఆంజనేయస్వామి దర్శనానికి వచ్చేవారు అటు ఉంటారు. తుమ్మలపల్లె యురేనియం కర్మాగారం, రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం, సిమెంటు ఫ్యాక్టరీల పనుల మీద వచ్చే ఉద్యోగులు వేరే.

వీరిలో తమ గదిని తామే మాట్లాడుకొనేవారు కొందరే. ముసలి తల్లిదండ్రులకు కొడుకు బుక్ చేస్తాడు. ఇంజనీరుకు కంపెనీ ఆఫీసు బుక్ చేస్తుంది. పెళ్లివారికి చుట్టపాయన బుక్ చేస్తాడు. పర్యాటకులకు కారు డ్రైవరో, ట్రావెల్స్ వారో మాట్లాడతారు. ఇవన్నీ న్యాయమైనవే. వీటి చాటున ఐదో రకం వస్తుంది, అది మోసగాళ్లది. దాని సంగతి తరువాత చెబుతాను.

ఈ పద్ధతి కొత్తదా?

కాదు. పూర్వం సత్రాలలో దిగాలంటే ధర్మకర్త దగ్గర నుండి చీటీ తెచ్చుకోవలసి వచ్చేది. 1830లో మద్రాసు నుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య మన కడప మీదుగానే పోయినారు. దారిలో ఎక్కడ దిగే వసతి ఉన్నదీ, ఎక్కడ లేనిదీ ఊరూరా రాసిపెట్టినారు. తెల్లదొరల కాలంలో 1867లో సరాయిల చట్టం వచ్చింది. బాటసారులకు చోటిచ్చేవారి పేరు సర్కారు రిజిస్టరులో ఉండాలన్నది దాని సారాంశం. మన సర్వీసులో ట్రావెలర్స్ బంగళాల సంగతి మీకు తెలుసు. ఫలానా అధికారికి గది కేటాయించడమైనదని ఉత్తర్వు వచ్చేది. వచ్చినాయన ఆ అధికారి బావమరిది అయితే వాచ్‌మన్ తాళం తీసేవాడు కాదు. వాచ్‌మన్ కఠినుడని మనం అనుకునేవాళ్లం. రేపు మంచం విరిగితే, అద్దం పగిలితే, రిజిస్టరులో ఉన్న పేరునే ప్రశ్నించాలి. ఆ పేరు గల మనిషి అసలు రానే లేదాయె. వాచ్‌మన్ చూసుకున్నది అదే.

రైల్వే వారిని చూడండి. ఖరారైన టిక్కెట్టును తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, కొడుకు, కూతురు, భార్యాభర్తల పేరుకు మార్చుకోవచ్చు. అయితే బండి బయలుదేరడానికి 24 గంటల ముందు రాతపూర్వకంగా అడగాలి. స్నేహితుడి పేరుకు మార్చరు. 2012 డిసెంబరు నుండి రిజర్వేషను తరగతులన్నింటిలో గుర్తింపు కార్డు తప్పనిసరి చేసినారు. తిరుమలలో 2023 మార్చి నుండి గదుల కేటాయింపులో ముఖ గుర్తింపు పద్ధతి పెట్టినారు. దళారులు ఒకరి పేరున గది తీసి మరొకరికి అమ్ముకోకుండా చేసిన ఏర్పాటు అది. మార్చుకోవడానికి దారి ఉండాలి, ఆ దారికి ఒక గడువు, ఒక కాగితం ఉండాలి. రైల్వే వారి పద్ధతిలో మనం నేర్చుకోవలసింది ఇదే.

చట్టం ఏమంటుంది?

భయపడకండి, రెండే చట్టాలు చెబుతాను. మొదటిది 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం. మొదట్లోనే అది మద్రాసు రాజధానికి వర్తించింది, అప్పటికి మన జిల్లా అందులోనిదే. మన గదిలో రెండు రోజులు ఉండే మనిషి సాధారణంగా కౌలుదారు కాడు. ఆ స్థలాన్ని వాడుకోవడానికి మన అనుమతి పొందినవాడు. ఆ అనుమతిని లైసెన్సు అంటారు. 56వ సెక్షను ప్రకారం, వేరే ఉద్దేశం కనబడితే తప్ప, లైసెన్సును మరొకరికి బదిలీ చేయడానికి వీలులేదు. వినోద ప్రదర్శనల ప్రవేశానికి మాత్రం మినహాయింపు ఇచ్చినారు. అంటే మీ సినిమా టిక్కెట్టు పక్కింటాయనకు ఇవ్వవచ్చు గాని, మీరు మాట్లాడుకున్న గదిని ఇంటాయనతో చెప్పకుండా పక్కింటాయనకు ఇవ్వకూడదు. మనం "కుదరదు" అన్నప్పుడు అది మన మొండితనం కాదు, నూట నలభై ఏళ్లకు పైబడిన న్యాయం.

రెండవది 1872 నాటి కాంట్రాక్టు చట్టం. ఒకరి తరఫున మరొకరు ఒప్పందం చేసుకోవచ్చు. అట్లా చేసినవాడు ఏజెంటు, ఎవరి కోసం చేసినాడో ఆయన ప్రిన్సిపాలు. మామూలుగా ఏజెంటు సొంతానికి బాధ్యుడు కాడు. కాని 230వ సెక్షనులో ఒక మాట ఉంది: ఏజెంటు తన వెనుక ఉన్నవాని పేరు చెప్పకపోతే, ఒప్పందానికి తానే బాధ్యుడని భావించవచ్చు. దీని వల్ల మనకు తేలేది ఇది. బుక్ చేసినతను "మా మామ కోసం" అని పేరు, ఊరు చెబితే, దిగిన మామ బాధ్యుడవుతాడు. ఎవరి కోసమో చెప్పకుండా డబ్బు పంపితే బుక్ చేసినవాడే బాధ్యుడు. ఎటూ తేల్చుకోకుండా ఊరుకుంటే, కొళాయి విరిగిన రోజున ఆయన ఈయనను, ఈయన ఆయనను చూపిస్తారు. కాబట్టి రెండు పేర్లూ ముందుగానే కాగితం మీద ఉండాలి. "నష్టం వస్తే ఇద్దరమూ బాధ్యులం" అని ఒక వాక్యం రాయించుకుంటే చాలు. సెల్‌ఫోను సందేశం అయినా రాతే.

ఇక యాప్‌ల సంగతి. వీటికి ఎవరి నియమాలు వారివి. ఎయిర్‌బీఎన్‌బీ వారి నియమం ప్రకారం సొంత ప్రయాణానికి బుక్ చేసినవారు తామే బస చేయాలి, కార్యాలయ ప్రయాణాలకు మాత్రం వేరే ఏర్పాటు ఉంది. బుకింగ్ డాట్ కామ్ వంటి కొన్నింటిలో వేరొకరి కోసం బుక్ చేస్తున్నట్లు మొదటే తెలిపే వీలుంది. మీరు ఏ యాప్‌లో చేరినా ఈ ఒక్క నియమం మీ అబ్బాయి చేతనో, మనవరాలి చేతనో చదివించుకోండి. నియమానికి విరుద్ధమని తెలిసి ఒప్పుకుంటే, రేపు నష్టం వచ్చినప్పుడు వారి దగ్గర మన మాట చెల్లదు. ఎవరైనా "యాప్ ఎందుకు సార్, రద్దు చేసి నేరుగా మీకే పంపిస్తా" అంటే ఒప్పుకోవద్దు. అక్కడ ఉన్న కాస్త రక్షణా పోతుంది.

పని జరిపే పద్ధతి

నేను గుమాస్తాను. నాకు తెలిసింది ఇన్‌వర్డు, రిజిస్టరు, రసీదు. ఈ వ్యవహారానికి అవే సరిపోతాయి.

ఒకటి. ఫోను రాగానే "దిగేది మీరేనా?" అని అడగండి. చాలామందిమి మొహమాటపడి ఈ ప్రశ్న అడగము. కాదంటే ఎవరు, మీకు ఏమవుతారు, ఎంతమంది, వయసెంత, ఎందుకు వస్తున్నారు అని అడగండి. నిజమైనవారు సంతోషంగా చెబుతారు. "అదంతా మీకెందుకు, డబ్బు పంపుతున్నాను గదా" అన్నవానికి గది లేదని చెప్పండి.

రెండు. దిగేవారి సొంత ఫోను నంబరు తీసుకొని, రాకముందే ఒకసారి వారితో మాట్లాడండి. రెండు నిమిషాల మాటతో సగం సందేహాలు తీరిపోతాయి. మెట్లు ఎక్కలేరని, చక్కెర జబ్బు ఉందని, తెల్లవారుజామున నాలుగు గంటలకు దిగుతారని అప్పుడే తెలుస్తుంది. బుక్ చేసిన కొడుకు ఇవేవీ చెప్పడు, కొన్ని అతనికి తెలియవు కూడా.

మూడు. ఒక సందేశం తయారు చేసి పెట్టుకోండి. నేను పంపేది ఇట్లా ఉంటుంది: "ఫలానా తేదీకి గది నిర్ణయమైనది. దిగువారు ఫలానా ఇద్దరు. మనుషులు మారినచో ముందురోజు సాయంత్రం ఆరు గంటలలోగా తెలుపవలెను. తెలుపకుండా వేరేవారు వచ్చినచో గది ఇవ్వబడదు. నష్టమునకు బుక్ చేసినవారు, దిగినవారు ఇద్దరూ బాధ్యులు. అంగీకారమైతే జవాబు ఇవ్వగలరు." జవాబు వచ్చేదాకా గది ఖరారు కాదు.

నాలుగు. రిజిస్టరు. బుక్ చేసినవారి పేరు, ఫోను ఒక గడిలో, డబ్బు పంపినవారి పేరు ఒక గడిలో, దిగినవారి పేరు, ఊరు, ఫోను, వాహనం నంబరు మరో గడిలో. చివర అన్నిటికంటే ముఖ్యమైన గడి: అత్యవసరానికి పిలవవలసిన మనిషి. దిగినవారి సంతకం వారి చేతనే పెట్టించండి. మనం బతికే ఉన్నామని ఏటా లైఫ్ సర్టిఫికెట్ మనమే ఇచ్చుకుంటున్నాము. మన తరఫున మన అబ్బాయి వెళ్లి "మా నాయన బాగున్నాడు" అంటే ట్రెజరీ వారు ఒప్పుకున్నారా? మన గదికీ అదే రూలు.

ఐదు. గుర్తింపు కార్డు. దిగే పెద్దవారందరివీ చూడండి. బుక్ చేసినవారు వాట్సప్‌లో పంపిన కార్డుతో సరిపెట్టుకోవద్దు, గుమ్మం ముందు మనిషిని, కార్డులో ఫొటోను పోల్చి చూడండి. ఆధార్ ఇస్తే మొత్తం నంబరు మనకు అక్కరలేదు. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్ చేసిన ఆధార్ దొరుకుతుంది, అది చాలు. జిరాక్సులు గుట్టలు పోసుకోవద్దు. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు పార్లమెంటు చట్టం చేసింది, ఇతరుల కాగితాలు మన అల్మారాలో ఉండడం మనకే బరువు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు పెద్దల తోడు లేకుండా వస్తే, ఎంత పెద్దమనిషి బుక్ చేసినా గది ఇవ్వవద్దు. వారి ఇంటికి ఫోను చేయండి.

ఆరు. విదేశీయులు. మన పిల్లలు అమెరికా నుండి "నాన్నా, మా ఆఫీసు స్నేహితులు గండికోట చూస్తారట" అని ఫోను చేస్తారు. విదేశీ పాస్‌పోర్టు గలవారికి బస ఇస్తే 24 గంటలలోగా ఆన్‌లైనులో అధికారులకు తెలపాలి. సి-ఫారం అన్న పేరుతో అందరికీ తెలిసింది ఇదే. 2025 సెప్టెంబరు 1 నుండి విదేశీయులకు సంబంధించిన కొత్త చట్టం అమలులోకి వచ్చింది, తెలపవలసిన బాధ్యత మాత్రం పోలేదు. హోటలు కాదు ఇల్లే గదా అంటే కుదరదు. కొడుకు స్నేహితులైనా అంతే.

ఏడు. రసీదు. డబ్బు ఇచ్చినవారి పేరు, బస చేసినవారి పేరు రెండూ రాయండి. ఐదు వేలు దాటితే రూపాయి రెవెన్యూ స్టాంపు అతికించండి. బస చేయనివారి పేరున, ఉండని రోజులకు బిల్లు అడిగేవారు ఉంటారు. టి.ఏ. బిల్లులు పాస్ చేసిన మనకు ఆ బిల్లు ఎక్కడికి పోతుందో తెలుసు. ఆడిట్ అభ్యంతరం వచ్చిన రోజున మన సంతకమే అక్కడ ఉంటుంది. చేతులు జోడించి కాదనండి. కంపెనీల వారు జి.ఎస్.టి. బిల్లు అడిగితే, రిజిస్ట్రేషను లేని మనం ఆ పన్ను వసూలు చేయడానికి వీలులేదని చెప్పి మామూలు రసీదు ఇవ్వండి. సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటేదాకా మామూలుగా మనకు ఆ రిజిస్ట్రేషను అవసరం రాదు. యాప్ ద్వారా వచ్చిన బుకింగులకు ఆ పన్ను యాప్ వారే కడతారు. ఆదాయపు పన్ను రిటర్నులో మాత్రం ఈ బాడుగను చూపించండి.

మూడు సంగతులు

మన సభ్యుల ఇళ్లలో జరిగినవే చెబుతాను. పేర్లు అనవసరం.

జమ్మలమడుగులో ఒక విశ్రాంత ఉపాధ్యాయుని మిద్దె గదిని బెంగళూరు అబ్బాయి "మా అమ్మానాన్నల కోసం" అని బుక్ చేసినాడు. రాత్రి తొమ్మిదిన్నరకు ఆరుగురు కుర్రవాళ్లు దిగినారు. "అంకుల్, వాళ్లు రాలేదు, మేము వాడి ఫ్రెండ్స్" అన్నారు. బుక్ చేసినవాని ఫోను పలకలేదు. మాస్టారు కోప్పడలేదు. అరుగు మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చినారు. "నాయనా, గది ఇద్దరికని చెప్పినారు. మీరు మంచి పిల్లలే కావచ్చు, కాని మీ పేర్లు నా పుస్తకంలో లేవు" అని చెప్పి, తెలిసిన లాడ్జీలకు తానే ఫోను చేసి గదులు చూపించినారు. మరునాడు అడ్వాన్సు ఎవరి దగ్గర నుండి వచ్చిందో ఆ ఖాతాకే తిప్పి పంపినారు. బుకింగును కాదన్నారు గాని మనుషులను కాదనలేదు. ఇంటి ముందుకు వచ్చినవారిని చీకట్లో నిలబెట్టే అలవాటు మన సీమలో లేదు. అందుకే దగ్గరి లాడ్జీల నంబర్లు రెండు మూడు ఎప్పుడూ మన దగ్గర ఉండాలి.

ప్రొద్దుటూరులో ఒక అమ్మ, ఆమె భర్త మన సంఘ సభ్యులే, ఇప్పుడు లేరు. దసరాకు ఒక డెబ్బై ఏళ్ల పెద్దావిడ కోసం హైదరాబాదు నుండి బంధువు బుక్ చేసినాడు. ఇంటి అమ్మ ముందే ఆ పెద్దావిడకు ఫోను చేసింది. "అక్కా, ఏం మందులు వేసుకుంటావు, ఈ ఊర్లో నీకు ఎవరున్నారు?" అని అడిగి, ప్రొద్దుటూరులోనే ఉన్న మేనకోడలి నంబరు రాసుకొనింది. రాత్రి పెద్దావిడకు చక్కెర పడిపోయి చెమటలు పట్టినాయి. చక్కెర నీళ్లు తాగించి ఫోను చేస్తే మేనకోడలు పది నిమిషాల్లో వచ్చింది.

పులివెందుల సంగతి వేరు. ఒక పెద్దవయసు ఇంజనీరుకు ఒక కంపెనీ ఆఫీసు గది బుక్ చేసింది. ఇంటాయన దగ్గర ఉన్నది ఆ ఆఫీసు నంబరు ఒక్కటే. రాత్రి రెండు గంటలకు ఇంజనీరుకు గుండెలో నొప్పి వచ్చింది. ఇంటాయన వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చినారు, ప్రాణం నిలిచింది. కాని ఆఫీసు ఫోను తెల్లవారేదాకా ఎవరూ ఎత్తలేదు. ఆయన సెల్‌ఫోనుకు లాకు ఉంది. ఇంట్లో భార్య ఉందో, పిల్లలున్నారో, ఏ ఊరో తెలియదు. మందులేమైనా పడవా అని డాక్టరు అడిగితే చెప్పే దిక్కు లేదు. ఉదయం తొమ్మిదికి గాని ఇంటివారికి కబురు పోలేదు. ఆ ఏడు గంటలు మన సభ్యుడు ఆసుపత్రి బల్ల మీద ఒక్కడే కూర్చున్నాడు, ముక్కూమొహం తెలియని మనిషి కోసం దేవుణ్ణి మొక్కుకుంటూ. రిజిస్టరులో అత్యవసర గడి అన్నిటికంటే ముఖ్యమైనదని నేను అన్నది ఇందుకే.

మోసాలు

ఇప్పుడు ఐదో రకం. హిందీ కలిసిన గొంతుతో ఫోను వస్తుంది. "నేను సైన్యంలో అధికారిని, మా జవాన్ల కుటుంబాలు పది రోజులు దిగుతాయి, మొత్తం ముందే పంపుతాను" అంటాడు. వాట్సప్‌లో గుర్తింపు కార్డు, యూనిఫాం ఫొటో కూడా పంపుతాడు. తరువాత ఒక క్యూఆర్ గుర్తు పంపి "ఇది స్కాన్ చేసి పిన్ కొడితే మీకు డబ్బు వస్తుంది" అంటాడు. దేశమంతటా జరుగుతున్న మోసం ఇది. మనలో ఒకాయనకు ఒక నెల పెన్షన్ అట్లా పోయింది. గుర్తుంచుకోండి: డబ్బు పుచ్చుకోవడానికి పిన్ అక్కరలేదు. పిన్ కొట్టినామంటే మనం ఇస్తున్నట్లే. ఇంకొకడు "పదిహేను వందలకు బదులు పదిహేను వేలు పంపినాను, మిగతాది వేరే నంబరుకు తిప్పి పంపండి" అంటాడు. సందేశాన్ని నమ్మవద్దు, పాసుపుస్తకం చూడండి. నిజంగా వచ్చి ఉంటే, వచ్చిన ఖాతాకే బ్యాంకు ద్వారా పంపండి. మోసపోతే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయండి. గంటల్లో చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం ఉంటుంది.

ఇంకొక ప్రమాదం చాలామందికి తెలియదు. మనకు గది డబ్బు పంపిన మూడో మనిషి ఖాతాలోకి ఎక్కడో దొంగసొమ్ము వచ్చి ఉంటే, దర్యాప్తులో ఆ సొమ్ము పోయిన ఖాతాలన్నీ పోలీసులు నిలుపుదల చేయించవచ్చు. 2024 జూలై నుండి అమలులో ఉన్న నాగరిక్ సురక్షా సంహితలో 106వ సెక్షను అందుకు అధికారం ఇస్తుంది. మనం చేసిన తప్పు లేకపోయినా మన ఖాతా ఆగిపోతుంది. అది పెన్షన్ పడే ఖాతా అయితే మందులకు డబ్బు తీసుకోవడానికి కూడా వీలుండదు. కాబట్టి గది బాడుగకు వేరే బ్యాంకు ఖాతా తెరవండి. పెన్షన్ ఖాతాను దీనికి ఎట్టి పరిస్థితిలోనూ వాడవద్దు. ఈ ప్రసంగంలో ఒక్క మాటే గుర్తుంటుందంటే, ఈ మాట గుర్తుంచుకోండి. అట్లా ఎప్పుడైనా ఖాతా ఆగితే, మన రిజిస్టరు, రసీదు, సందేశాలే మన సాక్షులు. ఆ సొమ్ము గది బాడుగ అని అవి చూపిస్తాయి.

సంఘానికి నా విన్నపాలు

పెద్దలారా, మూడు విన్నపాలతో ముగిస్తాను. మూడు ఊర్లలో దినబాడుగకు గదులు ఇచ్చే సభ్యుల పేర్లతో ఒక జాబితా తయారు చేసి, ఊరికొకరిని పిలవదగినవారిగా నియమించండి. రాత్రివేళ ఒంటరిగా ఉన్న అమ్మ గుమ్మం ముందు తెలియని నలుగురు నిలబడితే, ఫోను చేయగానే మన సంఘంవారు ఇద్దరు అక్కడికి చేరాలి. రెండవది, నేను చెప్పిన గడులతో రిజిస్టరు నమూనా, సందేశం నమూనా అచ్చువేయించి అందరికీ ఇవ్వండి. మూడవది, మోసపు ఫోను ఏ ఒక్కరికి వచ్చినా అదే రోజు మిగిలినవారికి తెలపాలి. మోసపోయినవారు సిగ్గుపడి దాచుకుంటున్నారు. దాచుకుంటే మరునాడు అదే గొంతు పక్కింటికి ఫోను చేస్తుంది.

మూడో మనిషి బుకింగు అంటేనే వద్దనమని నేను చెప్పడం లేదు. కాశీకి పోయే తల్లికి దారిలో చోటు చూపమని కొడుకు అడగడం మన సంప్రదాయమే. ఎవరు అడిగినారో, ఎవరు వస్తున్నారో, ఎవరు జవాబుదారో మూడు పేర్లు పుస్తకంలో ఎక్కిన తరువాత తాళంచెవి ఇవ్వండి. ఆపైన వారు మన అతిథులు, మజ్జిగ ఇవ్వండి, ఫ్యాను వేయండి, గండికోటకు ఏ వేళలో పోతే ఎండ తగలదో చెప్పండి.